కళాశాల క్రీడాకారుల ప్రతిఫలం, బదిలీ స్వేచ్ఛ: నిజామాబాదు ప్రాంతం నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కళాశాల తరఫున ఆడే విద్యార్థికి ఆటకు ప్రతిఫలం చెల్లించవచ్చునా? అతడు కోరుకొన్నప్పుడు మరొక కళాశాలకు ఆటంకం లేకుండా మారవచ్చునా? అమెరికాలో ఈ రెండు ప్రశ్నలకూ 2018-2025 సంవత్సరాల మధ్య న్యాయస్థానాలు, నిబంధనలు కొత్త సమాధానాలు ఇచ్చాయి. ఆ మార్పుల క్రమాన్ని, వాటి ఆర్థిక హేతువులను, ఫలితాలను ఈ వ్యాసం వివరిస్తుంది. నిజామాబాదు జిల్లాలోని చెరకు, పసుపు క్రయవిక్రయ పద్ధతులను ఉదాహరణగా తీసుకొని, ఆటగాణ్ణి కట్టి ఉంచడానికీ స్వేచ్ఛగా వదలడానికీ మధ్య గల భేదాన్ని పరిశీలిస్తుంది. బదిలీ స్వేచ్ఛ వలన చిన్న సంస్థలకు కలిగే నష్టాన్ని క్రీడాకారుని కదలికపై ఆంక్షలతో కాక, తొలి శిక్షణ ఇచ్చిన వారికి వాటా చెల్లించడం ద్వారా పూరించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కళాశాల క్రీడలు, ప్రతిఫలం, బదిలీ స్వేచ్ఛ, కొనుగోలు గుత్తాధిపత్యం, శిక్షణ వ్యయం, నిజామాబాదు.

1. ఉపోద్ఘాతం:

జక్రాన్‌పల్లి నిజామాబాదు జిల్లాలో 44వ నంబరు జాతీయ రహదారి మార్గంలోని మండల కేంద్రం. దీనికి ఒక వైపు 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్న డిచ్‌పల్లి, మరొక వైపు ఆర్మూరు ఉన్నాయి. ఇటువంటి మండలాల్లో ఆటకు తొలి పాఠశాల ఊరి బడి మైదానమే. అక్కడ కబడ్డీయో, వాలీబాలో, పరుగుపందెమో నేర్చిన విద్యార్థి ఇంటర్మీడియట్ ముగియగానే ఒక నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. సమీప కళాశాలలో చేరి అక్కడి జట్టులో ఆడవచ్చు. హైదరాబాదుకు వెళ్ళవచ్చు. లేదా ఫీజు, వసతి, భోజనం ఉచితంగా ఇస్తామనే ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయానికి వెళ్ళవచ్చు. ప్రతిభ కలవాడు దూరం వెళ్ళిన ప్రతిసారీ అతణ్ణి తీర్చిదిద్దిన వ్యాయామ ఉపాధ్యాయునికి సంతోషంతో పాటు ఒక వెలితి కూడా మిగులుతుంది. విద్యార్థి వెళ్ళిన చోట పతకం గెలిస్తే ఆ కీర్తి కొత్త సంస్థ ఖాతాలో చేరుతుంది.

ఈ చిన్న సన్నివేశంలోనే రెండు పెద్ద ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. మొదటిది ప్రతిఫలానికి, రెండవది బదిలీకి సంబంధించినది. సాధారణంగా ఈ రెండింటినీ విడివిడిగా చర్చిస్తారు. అవి ఒకే సమస్యకు రెండు ముఖాలని, మూడవ పక్షమైన తొలి శిక్షకుణ్ణి కూడా కలుపుకొన్నప్పుడే చర్చ పూర్తవుతుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

2. 'అమెచ్యూర్' భావన - పుట్టుక, వ్యాప్తి:

డబ్బు తీసుకోకుండా ఆటపై ప్రేమతో ఆడేవాడే ఉత్తమ క్రీడాకారుడనే భావన 19వ శతాబ్దపు ఇంగ్లండులో స్థిరపడింది. దాని పుట్టుకలో నైతిక ఆదర్శం ఎంత ఉందో వర్గ స్వభావమూ అంతే ఉంది. 1866లో లండనులో ఏర్పడిన అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్బు యంత్ర పనివారినీ, చేతివృత్తులవారినీ, కూలీలనూ తన నిర్వచనం నుంచి మినహాయించింది. పని మానుకొని ఆడగలిగే స్తోమత ఉన్నవానికే ఆ 'ప్రేమ' సాధ్యమయ్యేది. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణపతకాలు గెలిచిన అమెరికా ఆదివాసీ క్రీడాకారుడు జిమ్ థోర్ప్, అంతకుముందు స్వల్ప వేతనానికి బేస్‌బాల్ ఆడాడనే కారణంతో 1913లో ఆ పతకాలను కోల్పోయాడు.

మన దేశానికి ఈ మాట వలస పాలనతో వచ్చి, సంస్థల పేర్లలో నిలిచిపోయింది. కబడ్డీని నిర్వహించే జాతీయ సంస్థ పేరు నేటికీ 'అమెచ్యూర్ కబడ్డీ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా'. అదే ఆటలో 2014లో ప్రో కబడ్డీ లీగు ఆరంభమైనప్పుడు వేలంలో అత్యధిక ధర 12.8 లక్షల రూపాయలు. 2023 వేలంలో తెలుగు టైటన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్ల రూపాయలు చెల్లించింది. పేరులో 'అమెచ్యూర్', ఆచరణలో కోట్ల వేలం. ఈ వైరుధ్యం అమెరికా కళాశాలల్లో మరింత పెద్ద స్థాయిలో కనిపిస్తుంది.

3. అమెరికా కళాశాలలు: 'విద్యార్థి క్రీడాకారుడు' అనే మాట చరిత్ర:

అమెరికాలో కళాశాలల మధ్య జరిగే పోటీలు కేవలం విద్యార్థి వ్యాసంగాలు కావు. అవి టెలివిజన్ ప్రసార హక్కులతో నడిచే భారీ వ్యాపారం. 1906లో ఏర్పడిన నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ (ఇకపై ఎన్‌సీఏఏ) పురుషుల బాస్కెట్‌బాల్ పోటీల ప్రసారానికి 2010లో 14 సంవత్సరాల కాలానికి 1,080 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకొంది. అనేక రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్ళందరిలో అత్యధిక వేతనం పొందేది ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ శిక్షకుడే. ఆడేవానికి మాత్రం చాలాకాలం వరకు చదువు, వసతి, భోజన ఖర్చులకు మించి ఏమీ దక్కలేదు.

ఈ పరిస్థితిని సమర్థించిన మాట 'విద్యార్థి క్రీడాకారుడు'. ఈ పదబంధం 1950లలో పుట్టింది. ఆటలో గాయపడి మరణించిన విద్యార్థి కుటుంబం కార్మిక నష్టపరిహారం కోరినప్పుడు, కళాశాలకూ అతనికీ మధ్య యజమాని-ఉద్యోగి సంబంధం లేదని చెప్పడానికి ఇటువంటి మాట అవసరమైంది. 1955లో ఫుట్‌బాల్ ఆడుతూ మరణించిన రే డెన్నిసన్ కుటుంబానికి పరిహారం ఇవ్వనవసరం లేదని 1957లో కొలరాడో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1951 నుంచి 1987 వరకు ఎన్‌సీఏఏకు సారథ్యం వహించిన వాల్టర్ బయర్స్ ఈ పదాన్ని ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు. 1995లో వెలువరించిన తన జ్ఞాపకాల గ్రంథంలో ఆయనే ఈ వ్యవస్థను తీవ్రంగా విమర్శించడం గమనార్హం.

మార్పు న్యాయస్థానాల ద్వారా వచ్చింది. ఒక వీడియో గేములో తనను పోలిన బొమ్మను చూసిన మాజీ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు ఎడ్ ఒబానన్ 2009లో దావా వేశాడు. తన రూపంతో ఇతరులు సంపాదిస్తుంటే తనకు వాటా ఎందుకు లేదన్నది ఆయన ప్రశ్న. 2014లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఎన్‌సీఏఏ ఆంక్షలు పోటీ చట్టానికి విరుద్ధమని తీర్పు ఇచ్చారు. 2021 జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో, చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై పరిమితులు చెల్లవని నిర్ణయించింది. ఆ తరువాత పది రోజులకే, 2021 జూలై 1 నుంచి, క్రీడాకారులు తమ పేరు, రూపం, ప్రతిష్ఠలతో ప్రకటనల ద్వారా సంపాదించుకోవడానికి ఎన్‌సీఏఏ అనుమతించింది. 2025 జూన్ 6న హౌస్ కేసులో కుదిరిన పరిష్కారాన్ని న్యాయమూర్తి విల్కెన్ ఆమోదించారు. దాని ప్రకారం పూర్వ క్రీడాకారులకు పదేళ్ళలో సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. 2025-26 నుంచి ప్రతి విశ్వవిద్యాలయం తన క్రీడాకారులకు ఒక పరిమితి వరకు నేరుగా చెల్లించవచ్చు; 2025-26కు ఆ పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఈ పరిష్కారం కూడా విద్యార్థిని ఉద్యోగిగా గుర్తించలేదు. పూర్వ క్రీడాకారుల సొమ్ములో అధికభాగం పురుషుల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకే చేరుతుందని, ఇది విద్యలో లింగ సమానత్వానికై 1972లో చేసిన చట్టానికి విరుద్ధమని క్రీడాకారిణులు అప్పీలుకు వెళ్ళారు.

ఈ మార్పులో తెలుగు కుటుంబాలకు ఒక మెలిక ఉంది. విద్యార్థి వీసాపై అమెరికా వెళ్ళినవారికి ఉపాధిపై కఠిన పరిమితులు ఉన్నందున, తోటి ఆటగాడు ప్రకటనల ద్వారా సంపాదిస్తున్నా వీసా విద్యార్థి ఆ అవకాశాన్ని నిస్సంకోచంగా వినియోగించుకోలేడు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు సంతతి క్రీడాకారునికి ఈ ఇబ్బంది లేదు.

4. బదిలీ నిబంధనలు - ఏడాది నిరీక్షణ నుంచి స్వేచ్ఛ వరకు:

ప్రతిఫలంపై ఆంక్షలతో పాటు కదలికపై ఆంక్షలూ ఉండేవి. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి ప్రధాన క్రీడల్లో కళాశాల మారిన విద్యార్థి కొత్త చోట ఒక సంవత్సరం పోటీలకు దూరంగా ఉండాలి. 2018 అక్టోబరు 15న ప్రారంభమైన 'బదిలీ పోర్టల్'లో పేరు నమోదు చేయించుకొంటే చాలు, పాత శిక్షకుని అనుమతి లేకుండానే ఇతర కళాశాలలు ఆ విద్యార్థితో మాట్లాడవచ్చు. 2021 ఏప్రిల్‌లో ఒకసారి మారేవారికి నిరీక్షణను తొలగించారు. 2023 డిసెంబరులో ఒక ఫెడరల్ న్యాయస్థానం మిగిలిన నిరీక్షణ నిబంధననూ నిలిపివేసింది. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ తన నిబంధనలను సవరించింది. చదువులో తగిన ప్రగతి చూపినవారు ఎన్నిసార్లయినా మారి వెంటనే ఆడవచ్చు.

ఈ విధంగా ప్రతిఫలం, బదిలీ స్వేచ్ఛ దాదాపు ఒకేసారి వచ్చాయి. వీటి పరస్పర సంబంధం ముఖ్యమైనది. కదిలే హక్కు ఉండి ప్రతిఫలం లేకపోతే విద్యార్థి మారేది చిరునామా మాత్రమే. ప్రతిఫలం ఉండి కదిలే హక్కు లేకపోతే ఆ ప్రతిఫలం ఎంతో నిర్ణయించేది కట్టి ఉంచినవాడే. రెండూ కలిసినప్పుడే ఆటగాడు బేరమాడగలుగుతాడు. మన ప్రో కబడ్డీ వేలంలో ఆటగానికి డబ్బు ఉంది గాని, ఏ జట్టుకు ఆడాలో ఎంచుకొనే హక్కు చాలా పరిమితం. పాత ఎన్‌సీఏఏలో రెండూ లేవు.

5. చెరకు, పసుపు: కట్టుబాటుకూ స్వేచ్ఛకూ స్థానిక నమూనాలు:

ఒకే కొనుగోలుదారు ఉండి, అమ్మేవాడు మరొకచోటికి పోలేని స్థితిని ఆర్థికశాస్త్రంలో 'కొనుగోలు గుత్తాధిపత్యం' అంటారు. నిజామాబాదు జిల్లా పాఠకులకు దీనిని వివరించడానికి దూరదేశాల ఉదాహరణలు అవసరం లేదు.

బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 1930లలో వెలసి, ఆ ప్రాంత వ్యవసాయాన్ని చెరకు చుట్టూ తిప్పింది. చెరకుకు చట్టబద్ధంగా ప్రాంతాల కేటాయింపు ఉంది. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ చెరకు సరఫరా, కొనుగోలు నియంత్రణ చట్టం, 1966 నాటి కేంద్ర చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఒక ప్రాంతపు చెరకును ఒక కర్మాగారానికి కేటాయించవచ్చు. దీనికి హేతువు లేకపోలేదు. కోసిన చెరకును త్వరగా గానుగ ఆడించకపోతే అందులోని చక్కెర తగ్గుతుంది. కర్మాగారానికి నిలకడైన సరఫరా కావాలి, రైతుకు హామీ గల కొనుగోలుదారు కావాలి. అయితే ఆ ఒక్క కొనుగోలుదారు నిలిచిపోతే రైతు గతి ఏమిటన్నది 2015 డిసెంబరులో బోధన్ కర్మాగారం మూతపడినప్పుడు తేటతెల్లమైంది.

పసుపు కథ వేరు. జక్రాన్‌పల్లి, ఆర్మూరు ప్రాంతాల పసుపు రైతు తన పంటను నిజామాబాదు మార్కెట్టుకు తేవచ్చు, ధర నచ్చకపోతే మహారాష్ట్రలోని సాంగ్లీకి తీసుకుపోవచ్చు. 2016 ఏప్రిల్ 14న ఎలక్ట్రానిక్ జాతీయ వ్యవసాయ మార్కెట్టులో తొలి విడతగా చేరిన మార్కెట్లలో నిజామాబాదు ఒకటి. పసుపు రైతుకు ధర హామీ లేదు. ధర పడిపోయిన సంవత్సరాల్లో అతడు పడే బాధ తక్కువదేమీ కాదు. కాని సాంగ్లీ అనే ప్రత్యామ్నాయం ఉండటమే నిజామాబాదు వ్యాపారి బేరాన్ని కొంత అదుపులో ఉంచుతుంది.

కళాశాల క్రీడాకారుణ్ణి పాత ఎన్‌సీఏఏ చెరకు రైతులా కట్టింది, కొత్త నిబంధనలు పసుపు రైతులా వదిలాయి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. త్వరగా పాడయ్యే లక్షణంలో క్రీడాకారుడు చెరకునే పోలి ఉంటాడు. కళాశాలలో ఆడగలిగిన కాలం నాలుగైదేళ్ళు. అందులో ఒక సంవత్సరం కూర్చోబెట్టడమంటే కోసిన చెరకును కట్టలు కట్టి పొలంలోనే ఎండబెట్టడం వంటిది. చెరకు విషయంలో త్వరగా పాడయ్యే గుణం ప్రాంత కేటాయింపుకు సమర్థన అయితే, క్రీడాకారుని విషయంలో అదే గుణం స్వేచ్ఛకు సమర్థన అవుతుంది.

ఈ జిల్లా నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కుటుంబాలకు కట్టుబాటు మరొక రూపంలోనూ తెలుసు. 'కఫీల్' అనుమతి పత్రం ఇస్తే తప్ప కార్మికుడు మరో యజమాని వద్దకు మారలేని పద్ధతి అది. ఖతర్ 2020లో ఈ అనుమతి పత్రం నిబంధనను తొలగించింది. మన క్రికెట్‌లోనూ ఒక రాష్ట్ర సంఘం నుంచి మరొక రాష్ట్ర సంఘానికి మారే ఆటగానికి 'నిరభ్యంతర పత్రం' కావాలి. రెండు సందర్భాలలోని కష్టాలు సమానం కావు. అయినా అనుమతి ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉందో వారిదే బేరంలో పైచేయి అన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది.

6. బదిలీ స్వేచ్ఛ ఫలితాలు: లాభం, నష్టం ఎవరికి?:

బదిలీ స్వేచ్ఛపై ప్రధాన అభ్యంతరం ఒకటుంది. ఆటగాళ్ళను వదిలిపెడితే ధనిక సంస్థలు ప్రతిభనంతా కొనేస్తాయని, పోటీ నశిస్తుందని వాదిస్తారు. ఆర్థికశాస్త్రవేత్త సైమన్ రాటెన్‌బర్గ్ 1956లో బేస్‌బాల్ కార్మిక విపణిపై రాసిన వ్యాసంలో ఈ వాదాన్ని పరీక్షించాడు. ఆటగాణ్ణి కట్టి ఉంచినా, వదిలిపెట్టినా చివరికి అతని ఆట ఎక్కడ ఎక్కువ రాబడి తెస్తుందో అక్కడికే చేరుతుందని, మారేది ఆ రాబడి ఎవరి జేబులో పడుతుందన్నదేనని ఆయన సిద్ధాంతం. కట్టి ఉంటే యజమాని అతణ్ణి అమ్ముకొని లాభపడతాడు, స్వేచ్ఛ ఉంటే ఆటగాడే లాభపడతాడు.

అమెరికా కళాశాల ఫుట్‌బాల్ అనుభవం ఈ సిద్ధాంతాన్ని చాలావరకు బలపరుస్తుంది. బదిలీలపై కఠిన ఆంక్షలు ఉన్న కాలంలోనే అలబామా, క్లెమ్సన్, ఒహాయో స్టేట్ వంటి కొన్ని విశ్వవిద్యాలయాలే అగ్రస్థానాన్ని ఏలాయి. ఆంక్షలు ప్రతిభను సమంగా పంచలేదు. పైగా స్వేచ్ఛ వచ్చాక కొన్ని బలహీన జట్లు వేగంగా ఎదిగాయి. 2023లో 3 ఆటలు మాత్రమే గెలిచిన ఇండియానా విశ్వవిద్యాలయం కొత్త శిక్షకుడు కర్ట్ సిగ్నెటీ రాకతో 2024లో 11 ఆటలు గెలిచింది.

ఈ విజయానికి మరో పార్శ్వం ఉంది. సిగ్నెటీతో పాటు ఇండియానాకు వచ్చిన ఆటగాళ్ళలో పలువురు అంతకుముందు ఆయన శిక్షణ ఇచ్చిన జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవారు. ఇండియానాకు లాభం చేకూర్చిన బదిలీలే ఆ చిన్న సంస్థ జట్టును ఖాళీ చేశాయి. వెళ్ళిన ఆటగాళ్ళ శిక్షణపై అది పెట్టిన ఖర్చుకు ప్రతిగా దానికి దక్కినది లేదు.

నష్టపోయినవారు మరికొందరున్నారు. పోర్టల్‌లో పేరు నమోదు చేసుకొన్న వారందరికీ కొత్త చోటు దొరకలేదు. ఉన్న ఉపకార వేతనాన్ని వదులుకొని మధ్యలో మిగిలినవారున్నారు. శిక్షకులు అనుభవం గల బదిలీ ఆటగాళ్ళ వైపు మొగ్గడంతో ఉన్నత పాఠశాల నుంచి నేరుగా వచ్చే విద్యార్థులకు అవకాశాలు కుదించుకుపోయాయి. పలుమార్లు మారినవారికి చదివిన కోర్సుల క్రెడిట్లు కొత్త సంస్థలో పూర్తిగా చెల్లక, పట్టా ఆలస్యమయ్యే ప్రమాదం ఏర్పడింది.

ఈ నష్టాల మూలాన్ని గ్యారీ బెకర్ 1964 నాటి మానవ మూలధన సిద్ధాంతం స్పష్టం చేస్తుంది. ఎక్కడికి వెళ్ళినా పనికివచ్చే నైపుణ్యాన్ని సంస్థ తన ఖర్చుతో నేర్పదు, ఎందుకంటే నేర్చినవాడు వెళ్ళిపోతే ఫలితం మరొకరికి దక్కుతుంది. అందువలన ఆ ఖర్చును నేర్చుకొనేవాడే భరించాలని బెకర్ తర్కం. పన్నెండేళ్ళ పల్లెటూరి పిల్లవాడు ఆ ఖర్చును భరించలేడు. కాబట్టి ఆ భారాన్ని తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయుడు, ఊరి శిక్షకుడు జీతం లేని గంటల రూపంలో మోస్తారు. విపణి లెక్కల్లో ఎక్కడా నమోదు కాని పెట్టుబడి ఇదే.

7. మన దగ్గర ప్రతిఫలం: ఆలస్యంగా వచ్చే వేతనం:

మన కళాశాల క్రీడాకారునికి ప్రతిఫలం లేదనుకోవడం సరికాదు. అది ఉద్యోగ రూపంలో, ఆలస్యంగా వస్తుంది. తెలంగాణలో ప్రభుత్వోద్యోగాల్లో 2 శాతం, వృత్తివిద్యా కోర్సుల్లో 0.5 శాతం క్రీడా కోటా ఉంది. రైల్వే, సైన్యం, పోలీసు, బ్యాంకులు తమ జట్ల కోసం క్రీడాకారులను నియమించుకొంటాయి. విద్యార్థి దృష్టిలో కళాశాల జట్టు ఆ ఉద్యోగానికి మెట్టు. విశ్వవిద్యాలయాల దృష్టిలో విద్యార్థి, 1956-57 నుంచి ఇస్తున్న మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీకి పాయింట్లు తెచ్చేవాడు. అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయం ఆ ట్రోఫీని 20 సార్లకు పైగా గెలుచుకొంది. ఆటపై నిరంతరం ఖర్చు చేయగల విశ్వవిద్యాలయాల వైపు ప్రతిభ ప్రవహించడం మన దగ్గర కొత్త విషయం కాదు.

నిజామాబాదుకు చెందిన ముగ్గురు క్రీడాకారుల ప్రస్థానం ఈ వ్యవస్థ తీరును చూపుతుంది. నిఖత్ జరీన్ నిజామాబాదులో శిక్షకుడు షంసముద్దీన్ వద్ద బాక్సింగ్ నేర్చి, 2011లో ప్రపంచ జూనియర్ విజేత అయింది. 2021లో బ్యాంక్ ఆఫ్ బరోడా ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయిన తరువాత రాష్ట్ర ప్రభుత్వం 2 కోట్ల రూపాయల బహుమతి ప్రకటించింది. 2024లో డీఎస్పీ పదవి లభించింది. జూనియర్ ప్రపంచ స్వర్ణానికీ బ్యాంకు ఉద్యోగానికీ మధ్య పదేళ్ళు ఉన్నాయి. ఖర్చులు అధికంగా ఉండేది, చదువు సాగేది, గాయాలు ఎదురయ్యేది ఆ పదేళ్ళలోనే.

షంసముద్దీన్ కుమారుడు మహమ్మద్ హుసాముద్దీన్ సైన్యంలో చేరి, 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు గెలిచాడు. ఆయన బరిలో దిగేది సర్వీసెస్ జట్టు తరఫున. ఉద్యోగమే ఇక్కడ బదిలీ మార్గం. జిల్లాకే చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి గుగులోతు సౌమ్య గోకులం కేరళ తరఫున ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. తరువాత ఈస్ట్ బెంగాల్‌కు మారి, 2024-25లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం పొందింది. కదిలే స్వేచ్ఛ లేకుండా ఆమె ప్రతిభకు ఈ గుర్తింపు వచ్చేదని చెప్పలేము.

ఆలస్య వేతన పద్ధతికి ఒక అంతర్గత లోపం ఉంది. అది గెలిచినవారికే, గెలిచిన తరువాతే అందుతుంది. అదే మైదానంలో అదే శ్రమ చేసి, మోకాలి గాయంతో రెండవ సంవత్సరంలోనే ఆగిపోయిన విద్యార్థికి ఏమీ మిగలదు. ఖేలో ఇండియా పథకం ఎంపికైన క్రీడాకారులకు నెలకు 10,000 రూపాయల చేతిఖర్చు భత్యం ఇవ్వడం ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు కళాశాల స్థాయికి ఒక జాతీయ వేదికనూ కల్పించాయి. అయితే ఈ భత్యం ఎంపికైన కొద్దిమందికే పరిమితం. జిల్లా కళాశాల జట్టులో ఆడే సాధారణ క్రీడాకారునికి అది చేరదు.

8. శిక్షకుని వాటా:

ఆటగానికి స్వేచ్ఛ ఇస్తూనే తొలి శిక్షకునికి న్యాయం చేయడం ఎలా? దీనికి ప్రపంచ ఫుట్‌బాల్ ఒక మార్గం చూపింది. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం బోస్మన్ కేసులో, ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి పాత క్లబ్బు రుసుము కోసం ఆపరాదని తీర్పు చెప్పింది. చిన్న క్లబ్బులు కుప్పకూలుతాయనే ఆందోళన అప్పుడు వ్యక్తమైంది. 2001లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య తన బదిలీ నియమాలను సంస్కరించి రెండు ఏర్పాట్లు చేసింది. మొదటిది శిక్షణ పరిహారం. యువ ఆటగాడు తొలిసారి వృత్తి ఆటగాడిగా నమోదైనప్పుడు, అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు కొత్త క్లబ్బు పరిహారం చెల్లిస్తుంది. రెండవది సంఘీభావ వాటా. బదిలీ రుసుములో 5 శాతాన్ని, ఆటగాడు 12 నుంచి 23 ఏళ్ళ వయసులో ఆడిన క్లబ్బులకు పంచుతారు. ఆటగాడు వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. వెళ్ళినప్పుడు మాత్రం వెనుక ఉన్నవారికి వారి భాగం అందుతుంది.

ఈ ఏర్పాటులోనూ లోపాలున్నాయి. మహిళల ఫుట్‌బాల్‌కు శిక్షణ పరిహార సూత్రం వర్తించదని సమాఖ్య నియమాలే పేర్కొన్నాయి. సౌమ్య జాగ్రెబ్‌కు వెళ్ళిన 2022లో ఈ మినహాయింపు అమలులో ఉంది. పాఠశాలలూ వ్యక్తిగత శిక్షకులూ క్లబ్బులుగా నమోదు కానందున మన గ్రామీణ నేపథ్యానికి దానిని యథాతథంగా అన్వయించలేము. సూత్రాన్ని గ్రహించి, రూపాన్ని మార్చుకోవలసి ఉంటుంది.

ఆ దృష్టితో కొన్ని ప్రతిపాదనలు చేయవచ్చు. ప్రభుత్వం క్రీడాకారునికి నగదు బహుమతి ప్రకటించినప్పుడు, అదనంగా ఒక నిర్ణీత శాతాన్ని అతని తొలి పాఠశాల మైదానానికీ తొలి శిక్షకునికీ కేటాయించవచ్చు. వృత్తి లీగులు వేలం ధరలో చిన్న భాగాన్ని ఆటగాని జిల్లా క్రీడా నిధికి పంపవచ్చు. ఇందుకు అవసరమైనది ప్రతి క్రీడాకారుని శిక్షణ చరిత్రను పాఠశాల స్థాయి నుంచి నమోదు చేసే పట్టిక. ఫుట్‌బాల్‌లో 'ఆటగాని పాస్‌పోర్టు' పేరుతో ఉన్నది ఇదే. బదిలీ అయిన విద్యార్థి చదువు నష్టపోకుండా 2021లో ఏర్పాటైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ను వినియోగించుకోవచ్చు. గాయపడిన క్రీడాకారునికి చదువు ముగిసేవరకు వైద్య బీమాతో పాటు ఫీజు మినహాయింపును కొనసాగించడం కళాశాల కనీస బాధ్యత కావాలి. రే డెన్నిసన్ కుటుంబానికి 1957లో దక్కనిది ఈ హామీయే.

9. ముగింపు:

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

• 'అమెచ్యూర్' భావన ఆటకు పవిత్రత తెచ్చిన దానికన్నా, ఆటవలన వచ్చే ఆదాయం నుంచి ఆటగాణ్ణి దూరంగా ఉంచడానికే ఎక్కువగా ఉపయోగపడింది.

• ప్రతిఫలం, బదిలీ స్వేచ్ఛ పరస్పరాశ్రితాలు. ఒకటి లేకుండా మరొకటి ఆటగాని బేరశక్తిని పెంచలేదు.

• బదిలీలపై ఆంక్షలు ప్రతిభను సంస్థల మధ్య సమంగా పంచుతాయనే వాదానికి అమెరికా అనుభవంలో ఆధారం దొరకదు.

• బదిలీ స్వేచ్ఛ వలన చిన్న శిక్షణ సంస్థలకు నష్టం ఉన్నమాట వాస్తవం. శిక్షణ వ్యయాన్ని ఎవరూ తిరిగి చెల్లించకపోవడమే దానికి కారణం.

• మన దేశంలో క్రీడాకారుని ప్రతిఫలం ఉద్యోగ రూపంలో ఆలస్యంగా, గెలిచినవారికే అందుతున్నది. కళాశాల దశలోనే భత్యం, బీమా కల్పించడం అవసరం.

జక్రాన్‌పల్లి వంటి మండలం నుంచి ఒక విద్యార్థి దూరపు విశ్వవిద్యాలయానికి వెళ్తున్నప్పుడు అతణ్ణి ఆపే హక్కు ఎవరికీ ఉండరాదు. అతడు వెళ్ళిన మరుసటి ఉదయం అదే మైదానంలో మరో ఇరవైమంది పిల్లలు పరుగుకు సిద్ధంగా నిలబడతారు. వారికి శిక్షణ ఇచ్చేందుకు ఆ ఉపాధ్యాయుని వద్ద బంతి, వల, కొంత నిధి ఉన్నాయా లేవా అన్నది మన క్రీడావిధానం సమాధానం చెప్పవలసిన ప్రశ్న. తెలంగాణ విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలల్లో క్రీడాకారుల రాకపోకలను, వారి తొలి శిక్షణ స్థలాలను నమోదు చేసే క్షేత్ర పరిశోధన ఈ దిశలో యువ పరిశోధకులు చేపట్టదగిన తొలి పని.